‘మే’ యా, ‘షల్’ యా? – ఒక చిన్న మాట చరిత్ర

గుంటూరు ప్రాంతమున మిరపకాయ కల్లములకు వచ్చు దినములలో వాతావరణ సూచనలోని ప్రతి మాటకును విలువ యుండును. “రేపు సాయంకాలము అక్కడక్కడ జల్లులు కురియును” అని మేము చదివితిమా, రైతు ఆ రాత్రియే పట్టాలు కప్పించి, ఎండిన కాయను బస్తాలకెత్తించును. “కురియవచ్చును” అని చదివితిమా, ఆకాశము వంక ఒకసారి చూచి, పట్టాలు దగ్గర పెట్టుకొని, కూలివారిని మరునాడు కూడ రమ్మని చెప్పును. రెండు వాక్యములకును భేదము ఒక్క మాట. ఆ మాటలో వానయు లేదు, కాయయు లేదు. చెప్పువాడు ఎంతవరకు మాట యిచ్చుచున్నాడో అది మాత్రమే అందున్నది.

మా చేతికి వచ్చు ప్రకటనలలో చాల భాగము మొదట ఇంగ్లీషున వ్రాయబడినవే. అందు ‘విల్’ ఉన్నదా, ‘మే’ ఉన్నదా, ‘షల్’ ఉన్నదా, ‘మస్ట్’ ఉన్నదా అని చూచుకొనక తెలుగు చేసినచో వాక్యము వ్యాకరణమునకు లోబడియే యుండును గాని విషయము మారిపోవును. రుసుము ఈ నెలాఖరులోగా ‘చెల్లింపవలెను’ అనుట వేరు, ‘చెల్లింపవచ్చును’ అనుట వేరు. మొదటిది తప్పినవానికి దండన కలదు. రెండవది తప్పినవానికి ఏమియు లేదు.

ఈ చిన్న క్రియలను ఎక్కడ ఏది వాడవలెనో తెలియక ఇంగ్లీషు నేర్చుకొను మన పిల్లలు తికమకపడుదురు. బడి పుస్తకములలో పట్టికలుండును. పరీక్ష ముగిసిన వారమునకు పట్టిక మరపునకు వచ్చును. పట్టిక కంటె చరిత్ర సులభముగా జ్ఞాపకముండునని మా అభిప్రాయము. ఈ మాటల చరిత్రలో మన దేశమునకు సంబంధించిన ఘట్టము కూడ ఒకటి కలదు. ఒక్క ‘మే’ అను మాట నిమిత్తము 1963లో మన పార్లమెంటులో తీవ్రమైన వాదము జరిగెను. రెండేండ్లు నిండకుండగనే ఆ వాదము వీథులకెక్కెను. 1967లో శాసనమునే సవరింపవలసి వచ్చెను. ఆ వాదము తత్త్వము తెలియవలెనన్న ముందుగా ఈ మాటలు ఎక్కడ పుట్టినవో చూడవలెను.

వెయ్యేండ్ల క్రిందటి ఇంగ్లీషులో ఇవి నేటివలె ఇతర క్రియలకు తోడు నిలుచునవి మాత్రమే కావు. సొంత అర్థము గల క్రియలు. ‘షల్’ అనగా అప్పుపడియుండుట. ఆ కాలపు బైబిలు అనువాదములో, యజమాని ధనము చూచుకొను గృహనిర్వాహకుని కథ యొకటి కలదు. ఆతడు బాకీదారులను పిలిచి “నీవు మా యజమానికి ఎంత బాకీ?” అని యడుగును. ఆ ప్రశ్నలో ‘బాకీ’ యనుటకు వాడబడిన క్రియ నేటి ‘షల్’ కు పూర్వరూపమే. జర్మను భాషలో అప్పునకును, దోషమునకును నేటికి కూడ ‘షుల్ట్’ అనియే పేరు. అదియు ఈ వంశము లోనిదే. కావున ‘షల్’ అన్న మాటలో మొదటినుండియు ఒక ఋణము దాగియున్నది.

‘విల్’ అనగా కోరుట. మరణానంతరము తన ఆస్తి ఎవరికి చెందవలెనో ఒకడు కోరి వ్రాసిన పత్రమునకు ‘విల్’ అను పేరు వచ్చుట అందుచేతనే. మన కచేరీలలో ఆ ‘విల్’ కు పారసీక ‘నామా’ చేరి ‘వీలునామా’ యైనది. ఇంగ్లీషు రాని మన ముత్తాతలు సైతము ఆ విధముగా ఈ క్రియను వాడుచునే యుండిరి.

‘కెన్’ అనగా తెలియుట. ఇంగ్లీషున తెలియుటను చెప్పు ‘నో’ అను క్రియయు, మన సంస్కృత శబ్దములలోని ‘జ్ఞా’ ధాతువును దీని జ్ఞాతులే. ఈదుట తెలిసినవాడు ఈదగలడు. అందువలన తెలివిని చెప్పిన మాట క్రమముగా శక్తిని చెప్పసాగెను. ‘మే’ అనగా మొదట బలము కలిగియుండుట. ‘మైట్’ అను నామవాచకమునకు నేటికిని బలమనియే యర్థము. బలమున్నవానికి పని సాధ్యము. సాధ్యమైనది జరుగుటకు అవకాశము కలదు. అడ్డు చెప్పువాడు లేనపుడు దానికి అనుమతి యున్నట్లే. ఈ మెట్ల మీదుగా ‘మే’ బలమునుండి అనుమతికి దిగివచ్చినది. ‘మస్ట్’ కథ ఇంకను వింత. దాని పూర్వరూపమునకు అనుమతి కలిగియుండుట అని అర్థము. అనుమతిగా పుట్టిన మాట నేడు ఆజ్ఞయై కూర్చున్నది.

పిల్లలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: ఇతర క్రియలకు ప్రథమపురుష ఏకవచనమున చివర చేరు ‘స్’ ఈ క్రియలకేల చేరదు? ‘షల్’, ‘కెన్’, ‘మే’ లు చాల పూర్వము భూతకాలరూపములు. అవి వర్తమానార్థమున స్థిరపడినవి గాని భూతకాలపు వేషమును విడువలేదు. భూతకాలమునకు ‘స్’ లేదు; కావున వీటికిని లేదు. ‘మస్ట్’ కూడ అట్టి భూతకాలరూపమే. ‘విల్’ పుట్టుక కొంచెము వేరైనను అదియు ఆ కూటమిలోనే చేరిపోయెను.

ఇట్టి పరిణామము మనకు కొత్త కాదు. తెలుగున ‘చేయవచ్చును’ అనుటలో ఉన్నది రాకను చెప్పు ‘వచ్చు’ ధాతువే. ‘చేయవలెను’ అనుటలో ఉన్నది కోరికను చెప్పు ‘వలయు’. ‘చేయగలడు’ లో ఉన్నది కలిమిని చెప్పు ‘కల’. ‘చేయకూడదు’ లో ఉన్నది కూడుటను, పొసగుటను చెప్పు ‘కూడు’. అన్నియు ఇంటిలో పనిచేయు క్రియలే. ఒకనాటికి ఇతర క్రియలకు తోడుపోయి తమ సొంత పనిని మరచినవి. అయినను ఒక భేదము గమనింపదగినది. కోరికనుండి ఇంగ్లీషువారు భవిష్యత్తును కల్పించుకొనిరి. కోరికనుండి మనము విధిని కల్పించుకొంటిమి. అందుచేతనే ‘విల్’ ను ‘వలెను’ గా మార్చినచో చిక్కులు వచ్చును.

ఇక వైయాకరణుల వంతు. 1653లో జాన్ వాలిస్ అను పండితుడు ఇంగ్లీషు వ్యాకరణము నొకదానిని లాటినులో వ్రాసెను. ఈతడు ఆక్స్‌ఫర్డులో రేఖాగణితాచార్యుడు. గణితమున అనంతమునకు నేడు మనము వాడు గుర్తును ప్రవేశపెట్టినవాడు. ఇంగ్లీషు నేర్చుకొను విదేశీయులు ‘షల్’, ‘విల్’ ల నడుమ తడబడుచుండిరని, వారికై ఒక సూత్రము చెప్పెను. ఉత్తమపురుషలో ‘షల్’ జరుగబోవుదానిని మాత్రము తెలుపును, ‘విల్’ వాగ్దానమునో బెదరింపునో తెలుపును. మధ్యమ ప్రథమ పురుషలలో ఇది తలక్రిందులగును: అక్కడ ‘విల్’ జరుగబోవుదానిని, ‘షల్’ వాగ్దానమును లేక బెదరింపును తెలుపును. తరువాతి శతాబ్దమున వ్యాకరణకర్తలు ఈ సూత్రమును పెంచి పోషించిరి. 1795లో వెలువడిన లిండ్లే మర్రే వ్యాకరణము వంటి పాఠ్యపుస్తకముల ద్వారా అది బడులకెక్కెను. ఇంగ్లీషు చదువులతోపాటు మన దేశమునకును దిగుమతియయ్యెను.

ఈ సూత్రమును గూర్చి ఇంగ్లండులో ఒక హాస్యకథ చాలకాలము చెప్పుకొనుచుండిరి. ఒక విదేశీయుడు నీటిలో పడి, “నేను మునిగిపోవుదును, నన్నెవ్వరును రక్షింపరు” అని కేకవేయబోయి ‘షల్’ ఉండవలసినచోట ‘విల్’, ‘విల్’ ఉండవలసినచోట ‘షల్’ పెట్టెనట. “నేను మునిగియే తీరుదును, ఎవ్వరును నన్ను రక్షింపరాదు” అని అర్థము చేసుకొని గట్టుమీది పెద్దమనుష్యులు ఆతని కోరికను మన్నించి ఊరకుండిరట. కథ నవ్వుకొనుటకే గాని, ఇంగ్లీషువారందరు ఆ సూత్రప్రకారము మాటాడిరనుకొనరాదు. 1925లో అమెరికా భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫ్రీస్ నాటకములలోని సంభాషణలను లెక్కించి చూచి, జనుల వాడుక ఆ సూత్రమును అనుసరించుట లేదని చూపెను. ఉత్తమపురుషలో కూడ ‘విల్’ యే అధికముగా వినబడుచుండెను.

1940 జూన్ 4న ఇంగ్లండు ప్రధానమంత్రి చర్చిల్ కామన్సు సభలో చేసిన ప్రసంగము ఈ సందర్భమున గుర్తునకు వచ్చును. డన్‌కర్కు తీరమునుండి సైన్యము వెనుకకు వచ్చిన దినములవి. శత్రువుతో ఎక్కడెక్కడ పోరాడబోవుచున్నారో చెప్పుచు ఆతడు ఉత్తమపురుషతో ‘షల్’ ను మరల మరల ప్రయోగించెను. ఆ సాయంకాలము బి.బి.సి. వార్తలలో వార్తాపాఠకుడు ఆ ప్రసంగ భాగములను చదువగా జనులు రేడియోలలో వినిరి. వాలిస్ సూత్రము ప్రకారము అది కేవలము భవిష్యత్తును తెలుపు ‘షల్’. విన్నవారికి మాత్రము అది ప్రతిజ్ఞ. సూత్రము తెలియనివారు కూడ ఆ మాటలోని పూర్వపు ఋణమును గుర్తించిరని మాకు తోచును.

సంభాషణలో ‘షల్’ వెనుకకు తగ్గినను ఒకచోట మాత్రము దాని గద్దె చెక్కుచెదరకుండెను. ఆ చోటు శాసనము. శాసనకర్త ‘షల్’ అన్నచో ‘చేసి తీరవలెను’ అని సామాన్యార్థము; ‘మే’ అన్నచో ‘చేయవచ్చును’, అనగా చేయక మానవచ్చును కూడ. అయితే న్యాయస్థానములు ఈ మాటలను ఒంటరిగా తూచవు. 1880లో ఇంగ్లండు ప్రభువుల సభ ముందునకు జూలియస్ అను పేరుగల ఫిర్యాదికిని ఆక్స్‌ఫర్డు బిషప్పునకును నడుమ వ్యాజ్యమొకటి వచ్చెను. ఒక మతాచార్యునిపై వచ్చిన ఫిర్యాదును విచారణకు పంపుట బిషప్పునకు ‘న్యాయసమ్మతమగును’ అని శాసనము చెప్పుచున్నది, బిషప్పు పంపలేదు, పంపక తప్పదా అనునది ప్రశ్న. ఆ పదములు అధికారము నిచ్చుచున్నవే గాని విధి నేర్పరచుట లేదని సభవారు తీర్పుచెప్పిరి. కాని ఇతరుల హక్కును కాపాడుటకై ఒక అధికారము ఒకనికి అప్పగింపబడినపుడు, ఆ అధికారముతో విధియు కలిసిరావచ్చునని కూడ వారే వివరించిరి. అట్టి చోట ‘మే’ కూడ ‘షల్’ వలె పనిచేయును.

దీనికి ఎదురుదిక్కు ఉదాహరణము మన దేశమునందే కలదు. ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యల విషయమున పబ్లిక్ సర్వీసు కమిషనును సంప్రతించుటను గూర్చి రాజ్యాంగము 320వ అధికరణమున ‘షల్’ అని యున్నది. 1957లో మన్‌బోధన్‌లాల్ శ్రీవాస్తవ వ్యాజ్యమున, ఆ సంప్రతింపు జరుగనంత మాత్రమున ప్రభుత్వము తీసుకొన్న చర్య చెల్లకపోదని సుప్రీముకోర్టు చెప్పెను. అనగా ‘షల్’ ఉన్నచోట కూడ తప్పనిసరి కాకపోవచ్చును. ఈ రెండు తీర్పులను మనసునం దుంచుకొన్నచో 1963 నాటి వాదమున ఉభయపక్షములకును ఆధారమున్నదని తెలియును.

రాజ్యాంగసభ 1949 సెప్టెంబరు 14న భాషావిషయక అధికరణములను ఆమోదించెను. అందు 343వ అధికరణమును ఈ చిన్న క్రియల కోసమే ఒకసారి పరికింపుడు. సంఘ రాజభాష దేవనాగరి లిపిలోని హిందీ – ఇక్కడ ‘షల్’. రాజ్యాంగము అమలులోనికి వచ్చినది మొదలు 15 ఏండ్లపాటు ఇంగ్లీషు వాడుక కొనసాగుట – ఇక్కడను ‘షల్’. ఆ 15 ఏండ్ల తరువాత ఇంగ్లీషు వాడుకకై పార్లమెంటు శాసనము చేయుట – ఇక్కడ మాత్రము ‘మే’. ఇంగ్లీషునకు 15 ఏండ్ల వరకు ఋణపత్రము, ఆ పైన పార్లమెంటు దయ. గడువు 1965 జనవరి 26తో ముగియును.

గడువు దగ్గరపడుకొలది హిందీ మాతృభాష కాని ప్రాంతములలో భయము పెరిగెను. పరీక్షలలో, ఉద్యోగములలో తమ పిల్లలు వెనుకబడుదురని తలిదండ్రుల చింత. 1959 ఆగష్టు 7న ప్రధానమంత్రి నెహ్రూ లోకసభలో ఒక హామీ నిచ్చెను: జనులు కోరినంతకాలము ఇంగ్లీషు ప్రత్యామ్నాయ భాషగా నుండును, ఆ నిర్ణయమును హిందీ తెలిసినవారికి గాక, హిందీ తెలియనివారికే విడిచిపెట్టుదును అని దాని సారాంశము. ఆ హామీని శాసనరూపమున పెట్టుటకై 1963లో హోంమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజభాషల బిల్లును ప్రవేశపెట్టెను. దాని 3వ విభాగమున, 15 ఏండ్లు గడచిన తరువాత హిందీతోపాటు ఇంగ్లీషును కూడ వాడుట కొనసాగింప ‘మే’ అని యుండెను.

అభ్యంతరమంతయు ఈ ఒక్క మాటపైననే వచ్చెను. ‘మే’ అన్నచోట ‘షల్’ ఏల లేదు? ఈ సందర్భమున రెండు మాటలకును అర్థమొకటియే యని నెహ్రూ వాదము. అర్థమొకటియే యైనచో ‘షల్’ అనియే వ్రాయుటకు అభ్యంతరమేమి యని ప్రతిపక్షుల ప్రశ్న. నాడు రాజ్యసభలో సభ్యుడుగా నున్న సి.ఎన్. అన్నాదురై ఈ వ్యతిరేకతకు నాయకత్వము వహించి, ఉన్న స్థితినే గడువు లేకుండ కొనసాగింపుడని కోరెను. బిల్లు మారలేదు. 1963 మే 10న అది శాసనమయ్యెను.

ఇది మాటల గారడి యని తోసివేయువారు కలరు. మాకట్లు తోచదు. ‘షల్’ పుట్టుకలో ఋణమున్నదనియు, ‘మే’ పుట్టుకలో బలమున్నదనియు పైన చెప్పుకొంటిమి. దక్షిణాది సభ్యులు అడిగినది బాకీపత్రము. ప్రభుత్వము వ్రాసి యిచ్చినది అధికారపత్రము. బాకీపత్రము అప్పు పెట్టినవాని చేతిలో నుండును. గడువు మీరినచో చూపి అడుగవచ్చును. అధికారపత్రము అధికారి చేతిలో నుండును. ఆతడు మంచివాడైనంత కాలము ఫలితమొకటియే. నెహ్రూ మాటపై చాలమందికి నమ్మకముండెను. కాని మాట యిచ్చిన మనిషి లేని నాడు ఏమగును? శాసనములు వ్రాయుట ఆ నాటికొరకే కదా. నెహ్రూ 1964 మే 27న పరమపదించెను. గడువునకు మిగిలినది ఎనిమిది మాసములు.

1965 జనవరి చివరివారమున మద్రాసు రాష్ట్రమున విద్యార్థుల ఆందోళనము చెలరేగెను. మదురైలో మొదలై పట్టణములకు, పల్లెలకు ప్రాకెను. కాల్పులు జరిగెను, కొందరు తమ ఒడలికి తామే నిప్పంటించుకొని మరణించిరి, పదులకొలది ప్రాణములు పోయెను. చనిపోయినవారిలో చాలమందికి 3వ విభాగమున ఏ క్రియ యున్నదో తెలిసియుండకపోవచ్చును. తమకిచ్చిన మాట కాగితముపై నిలుచునా నిలువదా అనునది మాత్రము వారికి తెలిసిన ప్రశ్నయే. ఫిబ్రవరి 11న కేంద్రమంత్రులైన సి. సుబ్రహ్మణ్యము, ఓ.వి. అళగేశన్ రాజీనామాలిచ్చిరి. ఆనాటి రాత్రి, అప్పటికి ప్రధానమంత్రియై యున్న శాస్త్రి ఆకాశవాణి ద్వారా జాతి నుద్దేశించి ప్రసంగించెను. నెహ్రూ ఇచ్చిన హామీలకు తాము కట్టుబడియుందుమనియు, ప్రతి రాష్ట్రమును తనకు నచ్చిన భాషలో పనిచేసుకొనవచ్చుననియు, హిందీయేతర రాష్ట్రములు కేంద్రముతో ఇంగ్లీషున ఉత్తరప్రత్యుత్తరములు జరుపుకొనవచ్చుననియు, కేంద్రప్రభుత్వ కార్యములలో ఇంగ్లీషు కొనసాగుననియు, అఖిలభారత పరీక్షలు ఇంగ్లీషున జరుగుచునే యుండుననియు ఆయన చెప్పెను. కొలదిదినములలో ఆందోళనము శాంతించెను.

రేడియోలో చెప్పిన మాట శాసనము కాదు. దానిని శాసనముగా మార్చుటకు మరి రెండేండ్లు పైగా పట్టెను. ఈలోపుగా శాస్త్రి 1966 జనవరిలో తాష్కెంటులో మరణించెను. 1967 ఎన్నికలలో మద్రాసు రాష్ట్రమున అన్నాదురై పక్షము అధికారమునకు వచ్చెను. ఆ డిసెంబరులో పార్లమెంటు సవరణబిల్లును ఆమోదించెను; 1968 జనవరి 8న దానికి రాష్ట్రపతి ఆమోదము లభించెను.

ఆ సవరణను చదివినచో శాసనకర్తల నేర్పు వెల్లడియగును. వారు ఆ వివాదాస్పదమైన ‘మే’ ను తీసివేయలేదు. 3వ విభాగము మొదట అది నేటికిని అట్లే యున్నది. దాని చుట్టును ‘షల్’ లను పాతిరి. హిందీని రాజభాషగా స్వీకరింపని రాష్ట్రముతో కేంద్రము జరుపు ఉత్తరప్రత్యుత్తరములలో ఇంగ్లీషు వాడవలెను – ఇది ‘షల్’. తీర్మానములు, సాధారణ ఉత్తరువులు మొదలగు పత్రములు రెండు భాషలలోను వెలువడవలెను – ఇది ‘షల్’. హిందీని స్వీకరింపని రాష్ట్రముల శాసనసభలన్నియు ఇంగ్లీషు చాలునని తీర్మానించి, ఆ పిమ్మట పార్లమెంటు ఉభయసభలును వేర్వేరుగా తీర్మానించు వరకు ఈ ఏర్పాటు అమలులో నుండును – ఇదియు ‘షల్’. తాళపుచెవి ఢిల్లీ చేతినుండి ఒక్కొక్క రాష్ట్రమునకు పంచిపెట్టబడినది. హిందీని స్వీకరింపని రాష్ట్రములలో ఒక్కటి ఒప్పుకొనకున్నను తలుపు మూయబడదు. నెహ్రూ నోటిమాటగా చెప్పినదే ఎనిమిదేండ్లకు శాసనమునందు ఋణపత్రముగా నమోదైనది.

ఆ మధ్యకాలముననే, 1966లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ తెలుగును రాజభాషగా చేయు చట్టము నంగీకరించెను. కచేరీలకు తెలుగు వచ్చుటతో ‘మే’ కు ‘వచ్చును’ అనియు, ‘షల్’ కు ‘వలెను’ అనియు వ్రాయు బాధ్యత తెలుగువారిపై పడినది. అక్కడ ఒక్క అక్షరము తప్పినను అర్జీదారుని హక్కు మారిపోవును. ఇంగ్లీషు మూలమును చదువలేని పేదవానికి ఆ తెలుగు వాక్యమే శాసనము.

ఇప్పుడు మన ఇంటి విషయమునకు వత్తము. పిల్లలకు ఈ క్రియలను నేర్పునపుడు పట్టికకు ముందు నాలుగు ప్రశ్నలు నేర్పుట మంచిదని మేము సూచింతుము. పని చేయుటకు తెలివి, నేర్పు ఉన్నవా? అట్లయిన ‘కెన్’. జరుగుటకు అవకాశము మాత్రము కలదా, లేక ఒకరి అనుమతి కావలసియున్నదా? అట్లయిన ‘మే’. చేయక తప్పనిదా? అట్లయిన ‘మస్ట్’. జరుగబోవునదియా, లేక తాను చేయ సంకల్పించినదియా? అట్లయిన నేటి వాడుకలో ఏ పురుషకైనను ‘విల్’ చాలును. ‘షల్’ ను ఇద్దరు కలిసి చేయదగిన పనిని గూర్చి “బయలుదేరుదమా?”, “తలుపు మూయుదునా?” అని యడుగు ప్రశ్నలకును, చట్టములకును, ఒడంబడికలకును విడువవచ్చును. వాలిస్ సూత్రమును తెలిసికొనియుండుట పాత పుస్తకములు చదువుటకు పనికివచ్చును. దానికై పిల్లవానిని బెంచీ ఎక్కించుట మాత్రము న్యాయము కాదు.

పెద్దలకు వేరొక ప్రశ్న చాలును. అద్దె పత్రమో, బాంకి అప్పు పత్రమో, భీమా పత్రమో సంతకమునకు వచ్చినపుడు ప్రతి వాక్యమునందును క్రియ దగ్గర ఆగి, ఇక్కడ బాకీపడినవారెవరు, బలమున్నవారెవరు అని అడుగుకొనవలెను. తాను చేయవలసినవన్నియు ‘షల్’ గాను, ఎదుటివారు చేయవలసినవన్నియు ‘మే’ గాను ఉన్న పత్రములు లోకమున తక్కువ కావు. అట్టిచోట రెండవదానిని మార్పుడని అడుగుటలో మర్యాదకు లోపము లేదు. “అర్థమొకటియే కదండీ” అని ఎదుటివారు చెప్పినచో, 1963లో పార్లమెంటున అడిగిన ప్రశ్ననే వినయముగా అడుగవచ్చును: ఒకటియే యైనచో ‘షల్’ అనియే వ్రాయుడు.

మా వంతుగా మేము రేపటి వాతావరణ సూచనలో ‘కురియవచ్చును’ అని చదివినచో, అక్కడ మేము మాట యిచ్చుట లేదని శ్రోతలు గ్రహింతురుగాక. పట్టాలు మాత్రము దగ్గర నుంచుకొనుడు.